నిశానీ పెట్టినవాళ్ల వంశవృక్షం



ఇంగ్లండులో స్ట్రాట్‌ఫర్డ్ అనే ఊళ్లో హోలీ ట్రినిటీ చర్చి వారి పాత రిజిస్టరు ఒకటుంది. అందులో 1564 ఏప్రిల్ 26వ తేదీకి ఒక్క లైను కనిపిస్తుంది, లాటిన్‌లో. జాన్ షేక్‌స్పియర్ కొడుకు విలియం, అని దాని అర్థం. ఆ రోజు ఆ పసివాడికి బాప్టిజం ఇచ్చారు. తల్లి పేరు రాయలేదు. ఏ రోజు పుట్టాడో రాయలేదు. తండ్రి చేతితొడుగులు కుట్టి అమ్ముకునే మనిషి, ఆ సంగతీ లేదు. లాటిన్ చదువుకున్నవాళ్లు చూస్తే తండ్రి పేరు దగ్గర విభక్తి తప్పు కూడా పట్టుకుంటారు. తర్వాత ఎప్పుడో ఎవరో ఆ లైను పక్కన మార్జిన్‌లో మూడు ఇంటూ గుర్తులు పెట్టారు. ఆ గుర్తులు తీసేస్తే, పైనున్న పేరుకీ కిందున్న పేరుకీ ఈ పేరుకీ ఏ తేడా లేదు.

అదే రిజిస్టరులో ఖననాల పట్టీ చూడండి. అదే ఏడు జూలై 11న, పని నేర్చుకుంటున్న ఒక కుర్రాణ్ణి పూడ్చిపెట్టినట్టు రాసి, పక్కన మూడే మూడు లాటిన్ మాటలు రాశారు. "ఇక్కడ మొదలైంది ప్లేగు" అని. ఆ ఏడాది ముగిసేలోగా ఆ చిన్న ఊళ్లో రెండొందల మందికి పైగా పోయారు. మూడు నెలలైనా నిండని విలియం బతికాడు. మిగతా పేర్లలో ఎంతమంది పసివాళ్లున్నారో ఆ పట్టీ చదివితే తెలుస్తుంది. నాకు ఆ పేజీ తలపుకొచ్చినప్పుడల్లా మనసు మహాకవి మీద నిలవదు, ఆ మిగతా పేర్ల మీదికే పోతుంది. ఇవాళ నేను చెప్పబోయేది వాళ్ల గురించే. ఇంగ్లండులో ఒక మామూలు రైతుకూలీ సంతతి, ఒక చెప్పులు కుట్టేవాడి సంతతి, తమ పూర్వీకుల్ని కాగితాల్లో ఎలా వెతికి పట్టుకుంటారన్న సంగతి.

మన తద్దినాల్లో మూడు తరాల పేర్లు పలుకుతాం. ఆ పైవాళ్ల పేర్లు చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తుండవు. అక్కడ మాత్రం సెంటు భూమి లేని కుటుంబానికి కూడా, అదృష్టం బాగుంటే, పది పన్నెండు తరాల పేర్లు దొరుకుతాయి. అది వాళ్ల జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. రాయమని ఒక ప్రభుత్వం ఆజ్ఞాపించింది కాబట్టి.

ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ 1538 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు లేదా పేట అనుకోండి, పాదిరి ఒక పుస్తకం పెట్టుకోవాలి. ప్రతి ఆదివారం చర్చి పెద్దల ఎదుట, ఆ వారంలో జరిగిన బాప్టిజాలూ పెళ్లిళ్లూ ఖననాలూ అందులో ఎక్కించాలి. పుస్తకాన్ని రెండు తాళాల భోషాణంలో దాచాలి. ఒక తాళంచెవి పాదిరి దగ్గర, రెండోది చర్చి పెద్దల దగ్గర. రాయడం తప్పితే మూడు షిల్లింగుల నాలుగు పెన్నీలు జరిమానా, ఆ డబ్బు చర్చి మరమ్మతులకి. జనం వెంటనే అనుమానపడ్డారు. పేర్లు రాస్తున్నారంటే రేపు తలకింత పన్ను వేస్తారని ఊళ్లలో గోల పుట్టింది. ఆ భయం నూటయాభై ఏళ్లకి నిజమైంది కూడా. 1694లో ఫ్రాన్స్‌తో యుద్ధం ఖర్చుకని పుట్టుకకీ పెళ్లికీ చావుకీ పన్ను వేశారు. 1783లో మళ్లీ ఒక్కో నమోదుకి మూడు పెన్నీల సుంకం పెట్టారు. నిరుపేదలకి మినహాయింపు ఇచ్చారు కాబట్టి, ఆ పదకొండేళ్ల పుస్తకాల్లో చాలాచోట్ల పేరు పక్కన "పేద" అని గుర్తు కనబడుతుంది.

మొదటి పుస్తకాలు చాలావరకు కాగితంవి. చెమ్మకీ ఎలుకలకీ పోతున్నాయని 1598లో కొత్త నియమం తెచ్చారు. పాతవన్నీ గొర్రెతోలు పత్రాల మీద తిరగరాయాలి, మొదటినుంచీ రాయాలి, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన దగ్గర్నుంచి. ఆ "ముఖ్యంగా" అన్న ఒక్క మాట పట్టుకుని ఎన్నో పారిష్‌లవాళ్లు 1558 నుంచే తిరగరాసి ఊరుకున్నారు. అంతకుముందు ఇరవై ఏళ్ల పుట్టుకలూ చావులూ అలా జారిపోయాయి. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఇప్పుడు మనం చూసేదీ 1600లో తిరగరాసిన ప్రతే. షేక్‌స్పియర్ బాప్టిజం లైను రాసిన చెయ్యి ఆ రోజు బాప్టిజం ఇచ్చిన చెయ్యి కాదన్నమాట. 1598 నుంచే ఏటా ఒక నకలు బిషప్పుకి పంపాలన్న నియమం కూడా వచ్చింది. చర్చి తగలబడినా, అసలు పుస్తకం మాయమైనా, ఆ నకలు ఎన్నో వంశాల్ని కాపాడింది. నకలుకీ అసలుకీ తేడాలుంటాయి, అందుకని రెండూ ఉన్నప్పుడు రెండూ చూడాలి.

వెతుకులాట ఎలా మొదలుపెట్టాలి? కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటే. తమ ఇంటిపేరే ఉన్న ఒక గొప్పవాణ్ణి చరిత్రలో చూసి, అక్కణ్ణుంచి కిందికి దిగాలనుకుంటారు. అలా వెళ్తే దారి తప్పుతారు. మన ఆకు దగ్గర మొదలుపెట్టి రెమ్మ, కొమ్మ, మాను మీదుగా వేరు వైపు పోవాలి. మెట్టు దాటకూడదు. అమ్మ పెళ్లి కాగితం, అమ్మమ్మ పుట్టిన కాగితం, ఇంట్లో బైబిలు వెనక అట్టమీద రాసుకున్న తేదీలు, ముందు ఇవి.

1837 జూలై 1 నుంచి ఇంగ్లండు, వేల్సుల్లో పుట్టుకా పెళ్లీ చావూ ప్రభుత్వమే నమోదు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ రోజు ఇటువైపు ఉన్నవాళ్ల జాడ తీయడం ఒక పని, అటువైపు ఉన్నవాళ్ల జాడ తీయడం పూర్తిగా ఇంకో పని. పుట్టిన సర్టిఫికెట్టు చేతికొస్తే నింపాదిగా చదవాలి. తేదీ, చోటు, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరూ ఆమె పుట్టింటి పేరూ, తండ్రి వృత్తి, కబురు చెప్పినవారి సంతకం, వారి చిరునామా. తల్లి పుట్టింటి పేరు దొరికిందంటే పెళ్లి రికార్డుకి దారి దొరికినట్టే. తేదీ పక్కన పుట్టిన వేళ కూడా రాసి ఉంటే, ఇంగ్లండులో అది చాలావరకు కవలలకి గుర్తు. ఇంకో బిడ్డ ఉండే ఉంటుంది, వెతకాలి. సంతకం గడిలో ఇంటూ గుర్తు ఉండి, పక్కన "ఫలానా ఆమె నిశానీ" అని గుమాస్తా రాసి ఉంటే, ఆ తల్లికి రాయడం రాదు. పురిటి పచ్చి ఆరీ ఆరకముందు రిజిస్ట్రారు ఎదుట గీసిన గీతలవి. ఆమె చేతిరాత అంటూ లోకంలో మిగిలింది అదొక్కటే అయి ఉంటుంది చాలాసార్లు.

పెళ్లి సర్టిఫికెట్టులో వధూవరుల తండ్రుల పేర్లూ వృత్తులూ ఉంటాయి. తల్లుల పేర్లు ఉండేవి కావు. ఆ గడి చేర్చడానికి 2021 మే నెల దాకా పట్టింది. నూట ఎనభై మూడేళ్లు!

ఇక జనాభా లెక్కలు. 1801 నుంచి పదేళ్లకోసారి తీస్తున్నా, ఇంటింటి మనుషుల పేర్లు దేశమంతటా దొరికేది 1841 నుంచే. అందులో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని ఐదుకి తగ్గించి రాయమన్నారు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి ముప్పై ఐదై కూర్చుంటాడు. ఆ సంగతి తెలియక ఎంతమంది సొంత ముత్తాతని "వీడు కాడు" అని వదిలేసుకున్నారో. 1851 లెక్క నాకు చాలా ఇష్టం. అందులో ఇంటి పెద్దకి ఎవరేమవుతారో, ఎవరు ఏ పారిష్‌లో పుట్టారో రాశారు. ఆ ఒక్క మాటతో 1837 గోడ దాటి, పాత చర్చి రిజిస్టరు దగ్గరికి పోవచ్చు. 1911 లెక్కలో ఇంటివాళ్లు స్వయంగా నింపిన కాగితాలే దాచారు. పెళ్లయిన స్త్రీలని ఎంతమంది పిల్లల్ని కన్నారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని అడిగారు. వితంతువులు ఈ గడి నింపక్కర్లేదు. అయినా కొందరు నింపారు. లెక్కల అధికారులు దాన్ని గీత పెట్టి కొట్టేశారు, కానీ కొట్టివేత కింద అంకెలు ఇప్పటికీ చదవొచ్చు. పదకొండు, ఆరు, ఐదు. పదకొండు మందిని కని ఐదుగుర్ని పోగొట్టుకున్న తల్లి, అడక్కపోయినా ఎక్కడో ఒకచోట ఆ లెక్క చెప్పుకోవాలనుకుంది.

1931 లెక్కలు 1942 డిసెంబరులో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కే తీయలేదు. 1921 కాగితాలు 2022 జనవరిలో జనానికి అందాయి. వందేళ్ల నియమం ఇలాగే ఉంటే తర్వాతి లెక్క తెరిచేది 2052లో. మధ్యలో ఆదుకునేది ఒక్క 1939 సెప్టెంబరు రిజిస్టరు, యుద్ధం మొదలైనప్పుడు గుర్తింపు కార్డుల కోసం తయారు చేసింది.

1837 దాటి వెనక్కి పోతే మళ్లీ భోషాణంలోని పుస్తకాలే గతి. 1978లో చర్చి నియమం మారాక వాటిలో చాలావరకు జిల్లా రికార్డు ఆఫీసులకి చేరాయి. అక్కడ చదువుకునే గదిలోకి పెన్ను రానివ్వరు, పెన్సిలే. పుస్తకాన్ని దిండు మీద పెట్టి, పేజీ లేవకుండా సన్నని బరువుతాడు వేసి చదువుతారు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి కాబట్టి తండ్రి వృత్తి, ఉండే చోటు తెలుస్తాయి. 1754 నుంచి పెళ్లికి వధూవరుల సంతకాలూ ఇద్దరు సాక్షులూ తప్పనిసరి, ఆ సాక్షులు తరచుగా అన్నో చెల్లెలో అవుతారు. అంతకు వెనక ఎలా రాయాలన్నది పాదిరి ఓపికని బట్టే. ఒకాయన చనిపోయినామె గుణగణాలు కూడా రాస్తాడు, ఇంకొకాయన "ముసలి బిల్లు" అని సరిపెడతాడు. 1733 దాకా లాటిన్ ఎదురవుతుంది. 1642 నుంచి 1660 వరకు అంతర్యుద్ధమూ తర్వాతి గందరగోళమూ, ఎన్నోచోట్ల పేజీలు ఖాళీ.

తేదీలతో జాగ్రత్త. 1752 ముందు ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మారేది. 1720 డిసెంబరులో పెళ్లయి, "1720 ఫిబ్రవరి"లో బిడ్డకి బాప్టిజం అని ఉంటే బిడ్డ పెళ్లికి ముందు పుట్టినట్టు కాదు, రెండు నెలల తర్వాత అని. 1752లో అయితే సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14. మధ్య పదకొండు రోజులకి ఏ ఊరి పుస్తకంలోనూ పుట్టినవాళ్లూ లేరు, పోయినవాళ్లూ లేరు.

పేర్లతో ఇంకా జాగ్రత్త. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. మళ్లీ షేక్‌స్పియర్నే చూడండి. 1582 నవంబరులో వూస్టర్ బిషప్పు కార్యాలయంలో ఆయన పెళ్లి లైసెన్సు నమోదులో వధువు "ఆన్ వేట్లీ". మర్నాటి హామీపత్రంలో "ఆన్ హేథ్‌వే". లేని రెండో ప్రియురాలి కథ దీనిమీద అల్లినవాళ్లున్నారు. గుమాస్తా పరధ్యానమే కారణమని ఎక్కువమంది పండితుల మాట, నాకూ అదే సబబనిపిస్తుంది. ఇంకో ఉచ్చు ఉంది. బిడ్డ పోతే ఆ పేరే తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టేవారు. 1731లో బాప్టిజమైన థామస్ మా తాత అని సంబరపడేముందు, 1732 ఖననాల్లో ఆ పేరు లేదని చూసుకోవాలి. మా తాత 1734లో వచ్చిన రెండో థామస్ అయి ఉండొచ్చు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఎముకలు. మనిషి గొంతు వినాలంటే అదే భోషాణంలో ఇంకో కట్ట విప్పాలి. అది బీదల కట్ట.

1601 చట్టం ప్రకారం ఏ పారిష్ బీదల్ని ఆ పారిష్‌వాళ్లే సాకాలి. ఇళ్లూ పొలాలూ ఉన్నవాళ్ల దగ్గర పన్ను తీసుకుని ముసలివాళ్లకీ అనాథలకీ వితంతువులకీ ఖర్చుపెట్టాలి. మరి ఎవరు ఏ పారిష్ మనిషి? దానికి 1662లో ఇంకో చట్టం వచ్చింది. కొత్తగా వచ్చినవాడికి ఏడాదికి పది పౌండ్ల అద్దె కట్టే తాహతు లేకపోతే, నలభై రోజుల్లోగా ఫిర్యాదు చేసి, ఇద్దరు మేజిస్ట్రేట్ల ఉత్తర్వుతో పాత పారిష్‌కి పంపేయొచ్చు. పెళ్లికానివాడు ఒక యజమాని దగ్గర నిండా ఏడాది పనిచేస్తే అక్కడి హక్కు వస్తుంది. ఆ హక్కు రాకూడదని కొందరు యజమానులు యాభై ఒక్క వారాలకే జీతం కుదుర్చుకునేవాళ్లు. 1697 నుంచి పారిష్ సాయం తినేవాళ్లు కుడి భుజం మీద ఎర్ర గుడ్డతోనో నీలి గుడ్డతోనో అక్షరం కుట్టుకుని తిరగాలి, పేద అని, ఫలానా పారిష్ పేద అని. 1810 దాకా ఆ చట్టం ఉంది.

సాయం అడిగినవాణ్ణి, అడుగుతాడేమోనని అనుమానం వచ్చినవాణ్ణి మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు. ఎక్కడ పుట్టావు? మీ నాన్నది ఏ పారిష్? ఎన్నో ఏట పనికి కుదిరావు? ఎవరి దగ్గర, ఎన్నాళ్లు, జీతమెంత? రాత్రి ఎక్కడ పడుకునేవాడివి? ఈ పడక ప్రశ్న ఊరికే అడిగింది కాదు. పొలం ఒక పారిష్‌లో, పడక ఇంకో పారిష్‌లో అయితే, చివరి నలభై రాత్రులు ఎక్కడ పడుకుంటే హక్కు అక్కడిది. పెళ్లెప్పుడు, ఏ చర్చిలో? పిల్లలెందరు, పేర్లేమిటి, వయసులెంత? గుమాస్తా అన్నీ రాసుకుంటాడు. చివర ఆ మనిషి నిశానీ పెడతాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఏ కష్టమూ రాని కూలివాడు బాప్టిజం ఒక లైను, పెళ్లి ఒక లైను, ఖననం ఒక లైను, మూడు లైన్లతో వెళ్లిపోయాడు. కాలు విరిగి సాయం అడిగినవాడి జీవితం మాత్రం పుట్టిన దగ్గర్నుంచి రెండు పేజీల నిండా మిగిలింది. ఆ ప్రశ్నలు అడిగింది ఆదరించడానికి కాదు, వీలైతే బండెక్కించి పొలిమేర దాటించడానికి. ఆ అధికారులు మంచి మనసుతో రాశారని నేను అననుగాక అనను. కానీ ఇవాళ ఆ వంశంవాళ్లకి తమవాడి గొంతు వినిపించేది ఆ కాగితంలోనే.

పెళ్లికాకుండా గర్భిణి అయిన పిల్ల పరిస్థితి మరీ ఘోరం. అలా పుట్టిన బిడ్డకి పుట్టినచోటే హక్కు. అందుకని నెలలు నిండిన మనిషిని బురదదారులని కూడా చూడకుండా అవతలి పారిష్‌లోకి తోసేసిన దాఖలాలున్నాయి. బిడ్డని సాకే ఖర్చు ఎవరిమీద వెయ్యాలో తేల్చుకోడానికి తండ్రి పేరు చెప్పమని వేధించేవారు, పురిటినొప్పుల్లో మంత్రసాని చేత అడిగించేవారు. బాప్టిజం పుస్తకంలో తండ్రి లేని బిడ్డకి ఈ కట్టలో తండ్రి దొరుకుతాడు.

పారిష్‌లో బీదల సాయం చూసే విచారణకర్త లెక్కల పుస్తకంలో చెప్పుల జత, చొక్కా గుడ్డ, కట్టెలు, ఒక ఏడాది చివర శవపేటిక. అన్నీ ఒకే విధవరాలి పేరు మీద. ఊరు విడిచి లండన్‌లోనో కోల్చెస్టర్‌లోనో బతుకుతూ, తమ హక్కు ఉన్న ఎసెక్స్ పారిష్‌లకి బీదలు రాసుకున్న ఉత్తరాలు ఏడొందలకు పైగా దొరికాయి. మాట్లాడినట్టే రాసిన స్పెల్లింగు. పైకి చదివితే యాస వినబడుతుంది.

ఈ వెతుకులాట కొన్ని కుటుంబాల్ని మన తీరానికి కూడా తీసుకొస్తుంది. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టింది. మద్రాసు కోటలో సెయింట్ మేరీస్ చర్చి 1680లో కట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్టిజాల, పెళ్లిళ్ల, ఖననాల నకళ్లు 1698 నుంచీ ఉన్నవి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో చూడొచ్చు. మనకి తెలుగు నిఘంటువు ఇచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పుట్టుకని ఇంగ్లండు పారిష్‌లలో వెతికితే దొరకదు, ఆయన 1798లో కలకత్తాలో పుట్టారు. 1884లో లండన్‌లో పోయారు కాబట్టి మరణం అక్కడి రిజిస్ట్రారు పుస్తకానికెక్కింది. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొర పుట్టింది 1803లో, అంటే ప్రభుత్వ సర్టిఫికెట్టు ఉండే వీలే లేదు. 1899లో డార్కింగ్‌లో కన్నుమూశారు.

పేరున్నవాళ్ల సంగతి అలా ఉంచండి. ఇవాళ ఇంగ్లండులో ఒక కుటుంబం అమ్మమ్మ నుంచి మెట్టుమెట్టుగా వెనక్కి వచ్చి, కంపెనీ సైన్యంలో ఒక సోల్జరు దగ్గర ఆగుతుంది. ఆ కాలపు మద్రాసు నకళ్లలో అతని బిడ్డ బాప్టిజం ఉంటుంది. బిడ్డ పేరు, తేదీ, తండ్రి పేరు, అతని హోదా, దళం, కింద పాదిరి సంతకం, అన్నీ పొందిగ్గా ఉంటాయి. తల్లి పేరు ఉండాల్సిన చోట చాలాసార్లు ఏమీ ఉండదు, లేదంటే "ఒక నేటివ్ స్త్రీ" అని ఉంటుంది. బందరు పిల్లో, విశాఖ పిల్లో, ఇంట్లో ఏమని పిలిచేవాళ్లో. ఆమెని ఎవరూ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టలేదు, ఎక్కడ పుట్టావని అడగలేదు, నిశానీ పెట్టించుకోలేదు. పేజీ తిప్పితే ఇంకో బిడ్డ, ఇంకో సోల్జరు పేరు, తల్లి దగ్గర మళ్లీ అవే మాటలు.